ఊగని బొమ్మ కోసం దండయాత్ర

హిమధవళ శిఖర పరంపరలచే పరివేష్టితమై, లక్షలాది ఫర్ వృక్షములు శిరస్సున మంచు కిరీటములు ధరించి కొలువుదీరగా, సూర్యభగవానుడు సైతం ఉదయం ఎనిమిది దాటితే గాని తొంగిచూడ సాహసింపని నార్వే దేశపు ట్రిసిల్ పురమునందు, ఫిబ్రవరి మాసమున, ఒకానొక గురువారమునాడు, పాదరసము మైనస్ పద్దెనిమిదికి జారి ఇక అక్కడే స్థిరనివాసము ఏర్పరచుకొనిన శుభముహూర్తమున, ఒక మహావీరుడు తన వంటింటి కిటికీ దగ్గర నిలబడి, కాఫీ తాగుతూ, యుద్ధం ప్రకటించాడు.

ఎవరి మీద అని అడుగుతారేమో. ఊపు మీద. ఊగుడు మీద. చలనచిత్రములోని అనవసరమైన చలనము మీద.

ఆ వీరుని పేరు హాల్‌స్టైన్. వయసు డెబ్బైనాలుగు. ముప్పైఒక్క శీతకాలాలు మంచును చదును చేసే పెద్ద యంత్రం నడిపి, ఆ కొండ వాలులన్నిటినీ ఇస్త్రీ దుప్పట్లలా పరిచిన శైలపృష్ఠ సమీకరణ ధురంధరుడు. అయితే మాటల విషయంలో పరమ లోభి. అందుచేత ఈ గాథలో ఆయన నోట వెలువడబోయే మహోపన్యాసాలన్నీ ఆయన కనుబొమల కదలికను బట్టి మేము గ్రహించినవే అని శ్రోతలు దయతో గమనించాలి. పైకి వినిపించింది చాలామటుకు 'ఊఁ' మాత్రమే.

ఆయన ఇల్లాలు బొర్గ్‌హిల్. ఆ కొండ మీద రెండు తరాల పిల్లలకు స్కీయింగ్ నేర్పిన గురుశ్రేష్ఠురాలు. మూడు శీతకాలాల కిందట ఆమె లోపలి చెవిలో ఎక్కడో తూకం తప్పింది. అప్పటినుంచి నిలకడగా ఉన్న నేల కూడా ఆమెకు కొంచెం ఊగుతుంది. నిజంగానే ఊగేది కంటబడితే ప్రపంచమంతా గిర్రున తిరుగుతుంది. వాలు మీద నిలబడడం మాట అటుంచి, ఇంటి మెట్లు దిగడానికే గోడ తోడు కావాలి. అయినా ఆమె గురుపీఠం దిగలేదు. కూతురి కూతురు ఇదున్‌కు ఏడేళ్ళు. ఆ పిల్లకు ఈ ఏడాది విద్య అంతా వంటింట్లోనే, నోటి మాటగానే సాగింది. మలుపులో బయటి కాలి మీద బరువు వెయ్యాలి, చూపు కిందికి కాదు ముందుకు ఉండాలి, భయం వేస్తే పాట పాడుకోవాలి. ఇన్ని నేర్పిన గురువు, తన శిష్యురాలు స్కీల మీద నిలబడగా ఒక్కసారైనా చూడలేదు.

ఆ ఆదివారం పిల్లల పందెం. పదకొండేళ్ళ లోపువారి పందెం గనక గడియారం పట్టరు, మొదటివారూ చివరివారూ ఉండరు, దిగినవారందరికీ ఒకే రకం కప్పు, ఒకే రకం వేడి బ్లాక్‌కరెంట్ రసం. లోకంలో ఇంత న్యాయమైన యుద్ధం మరెక్కడా జరగదు. ఇదున్ అందులో దిగుతోంది. దాన్ని ఎవరైనా వీడియో తీస్తే అమ్మమ్మ కుర్చీలో కూర్చుని చూడవచ్చు కదా అనుకుంటారు. అక్కడే ఒక విపత్తు అడ్డుపడింది.

ఆ విపత్తు ఇది. పక్కింటి అస్‌గెయిర్ దగ్గర శిరస్త్రాణానికి తగిలించుకునే కెమెరా ఒకటి ఉంది. కిందటి వారం అతడు ఈ దంపతులను వాఫిల్స్‌కు పిలిచి, తన మనవడి వెనకాలే తాను దిగుతూ తీసిన వీడియోను గోడంత టీవీలో వేశాడు. కొండ ఎగిరింది, ఆకాశం దొర్లింది, చెట్లు తలకిందులుగా పరుగెత్తాయి. పన్నెండో సెకనులో బొర్గ్‌హిల్ కళ్ళు మూసుకుంది. ఇరవయ్యో సెకనులో పిండి కలిపిన గిన్నె ఇటివ్వమంది. గిన్నె ఎందుకన్నది వివరించడం కావ్యమర్యాద కాదు. అస్‌గెయిర్ ఆ గిన్నె తనే కడిగాడు. మర్నాడు పొద్దున వీళ్ళ గుమ్మం ముందు మంచు తనే తోసి, తలుపు కొక్కేనికి ఒక వాఫిల్స్ పొట్లం తగిలించి వెళ్ళాడు. పొరుగువాళ్ళు గొప్పలు చెబుతారు, నిజమే. గుమ్మం ముందు మంచు కూడా తోస్తారు.

గురువారం పొద్దున బొర్గ్‌హిల్ తన నిర్ణయం చెప్పింది.

"ఆదివారం ఏమీ తియ్యొద్దు. నువ్వు చూసొచ్చి చెప్పు, చాలు." తనే మళ్ళీ అంది. "నువ్వు చెబితే ఎలా ఉంటుందో నాకు తెలీదా? మన పెళ్ళప్పుడు మీ అన్నకి ఉత్తరం రాశావు. 'అయింది' అని. సంతకంతో కలిపి రెండు మాటలు."

హాల్‌స్టైన్ కనుబొమలు కదిలాయి. వాటి భాష తెలిసిన మాకు ఇలా వినిపించింది: 'ఓ చాంచల్యమా, నిఖిల ఛాయాగ్రాహక యంత్రాంతర్గత దుష్టభూతమా, నా సహధర్మచారిణి నేత్రయుగళమును మూయించిన నిన్ను నేను ఉపేక్షింపను. ఊగని కెమెరా ఈ భూమండలమున ఏ మూల ఉన్ననూ దానిని చేపట్టి, భానువారమునకు ముందే ఈ గృహమున ప్రవేశపెట్టెదను. లేనియెడల నా టోపీ పేరు టోపీ కాదు.'

పైకి మాత్రం "చూద్దాం" అన్నాడు. బొర్గ్‌హిల్ కప్పు దించి ఆయన వంక చూసింది. ఆయన నోట రెండక్షరాల మాట వచ్చిందంటే ఏదో పెద్ద పనికే సిద్ధపడ్డాడని ఆమెకు తెలుసు.

ఇక సైన్య సమీకరణ. జనవరి కరెంటు బిల్లు అనే మహారాక్షసి అప్పటికే ఖజానా మీద పడి మెక్కి వెళ్ళింది గనక యుద్ధనిధి పదిహేను వందల క్రోనర్లు, అంతే. ప్రథమాస్త్రంగా ఆయన తన ఫోనునే ప్రయోగించాడు. పెరట్లో నిలబడి దూరాన పోతున్న అస్‌గెయిర్ కుక్కను గురిచూసి తీశాడు. తెరమీద కుక్క చీమంత కనిపించింది. దగ్గరికి లాగితే పిండిముద్దలా చెదిరింది. నాలుగో నిమిషంలో చలికి ఫోను మూర్ఛపోయి, స్టవ్ పక్కన పడుకోబెడితే గాని మళ్ళీ కళ్ళు తెరవలేదు.

అంతట ఆ ధీరుడు ఊళ్ళోని క్రీడాసామగ్రి దుకాణంపై దండెత్తాడు. అక్కడి అమ్మకపు కుర్రాడు బొటనవేలంత కెమెరా ఒకటి అరచేతిలో పెట్టి దాని మహిమలు వర్ణించసాగాడు. తలకిందులుగా పట్టుకున్నా దిగంతం నిటారుగానే ఉంటుందట, నీళ్ళలో పడేసినా పాడవదట, ఎంత ఊగినా అదే లోపల సర్దుకుంటుందట. హాల్‌స్టైన్ చివరిదాకా ఓపికగా విని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. జవాబు నాలుగువేల తొమ్మిదివందలు. అడిగినందుకు ఉత్త చేతులతో వెళ్ళడం బాగుండదని ఒక జత బూటు తాళ్ళు కొని, వ్యూహాత్మకంగా వెనుదిరిగాడు.

శుక్రవారం ఉదయం ఆయన తూర్పు దిక్కుగా జైత్రయాత్ర సాగించాడు. తూర్పున గంట దూరంలో స్వీడన్. ఆ ఊరివాళ్ళంతా పందిమాంసమూ మిఠాయిలూ చవగ్గా దొరుకుతాయని అక్కడికి కొంచెం సిగ్గుపడుతూ వెళ్ళి, డిక్కీ నింపుకుని కొంచెం గర్వపడుతూ తిరిగివస్తారు. సరిహద్దు దాటగానే ఒక పాత పశువులకొట్టంలో గున్‌వోర్ అనే ఆవిడ పాతసామాన్ల కొట్టు పెట్టింది. మంచాలు, గడియారాలు, పగలని పింగాణీ, ఒక మూల కెమెరాలు. డెబ్బైకి అటూఇటూ వయసు. గొంతు మాత్రం రైల్వే స్టేషనులో మైకుది.

ఇక్కడ శ్రోతలు చెవులు రిక్కించాలి. దారి పొడవునా హాల్‌స్టైన్ మనసులో ఒకే మాట జపించుకుంటూ వచ్చాడు. 'రూలిగ్'. ఆయన భాషలో రూలిగ్ అంటే నిశ్చలం, నిమ్మళం, ఊగనిది. ఆ మాటలోనే తనకు కావలసిందంతా ఉంది. కానీ సరిహద్దు గీతకు అటు రెండడుగులు వేస్తే అదే మాటకు అర్థం సరదా, తమాషా. ఈ సంగతి రెండు దేశాల బడిపిల్లలకూ తెలుసు. హాల్‌స్టైన్‌కూ తెలుసు, యాభై ఏళ్ళుగా ఈ మాట మీద హాస్యాలు వింటూ ఉన్నాడు, ఒకసారి ఒకటి చెప్పాడు కూడా. అయినా ఆశపడ్డవాడికి చెవులు ఉండవలసిన చోట ఉండవు.

అరలో మెరుస్తున్న ఒక వెండిరంగు కెమెరా చూపించి ఆయన అడిగాడు. "ఇది రూలిగ్‌గా ఉంటుందా?"

"రూలిగ్గా?" గున్‌వోర్ చేతులు రెండూ పైకెత్తింది. "దీనంత రూలిగ్ నా కొట్లోనే లేదు, నార్వే మనిషీ. మా చెల్లెలి మనవలు చేతికిస్తే వదల్లేదు."

పిల్లల చేతుల్లో కూడా ఊగలేదంటే ఇంకేం కావాలి అని ఆ వీరాగ్రణి అంతరంగంలో భేరీలు మోగాయి, శంఖాలు పలికాయి, దిక్కులు పిక్కటిల్లాయి. పదమూడు వందలు బల్లమీద పెట్టి, పెట్టె చంకన పెట్టుకుని, ఆ ఆనందంలో మిఠాయిలు కూడా కొనడం మరచి, నగరప్రవేశం చేశాడు.

మధ్యాహ్నం వంటింట్లో పరీక్ష. బొర్గ్‌హిల్ కిటికీ దగ్గర మొక్కకు నీళ్ళు పోస్తుండగా ఆయన మీట నొక్కాడు. వెంటనే కెమెరా పుట్టినరోజు పాట అందుకుంది. తెరమీద బొర్గ్‌హిల్ తలకు రెండు కుందేలు చెవులు మొలిచాయి. ఆమె ముఖం గుమ్మడికాయంత ఉబ్బి, పుల్లంత సన్నబడి, మళ్ళీ ఉబ్బింది. కిటికీ, మొక్క, నీళ్ళచెంబు అన్నీ గిన్నెలో పాయసంలా అల్లాడసాగాయి. ఆపడానికి ఏది నొక్కినా చెవులు మారాయే గాని పాట ఆగలేదు. ఏమిటది, ఇలా చూపించు అని బొర్గ్‌హిల్ ఒక్క క్షణం తెర వంక చూసి, కళ్ళు మూసుకుని, బల్ల అంచు పట్టుకుని మెల్లగా కూర్చుంది.

హాల్‌స్టైన్ దాన్ని తీసుకెళ్ళి బూట్ల గదిలో పాత కోటు కింద దాచాడు. అక్కడ కూడా అది మరో రెండు నిమిషాలు పాడింది. తిరిగొచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు. ఓడిపోయిన సేనాధిపతులు చాలామందిని చరిత్ర చూసింది గాని చేతిలో ఒక కుందేలు చెవుల కెమెరా రశీదు పట్టుకుని నిలబడ్డవాడు ఇతడొక్కడే.

"ఆవిడ నీతో ఏమంది?" కళ్ళు మూసుకునే అడిగింది బొర్గ్‌హిల్.

"రూలిగ్ అంది."

"ఎక్కడ?"

"స్వీడన్‌లో."

ఆ మాటకు బొర్గ్‌హిల్ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అని ఆయన ఒకడుగు ముందుకు వేశాడు. ఆమె నవ్వుతోంది. నవ్వినా తల తిరుగుతుంది గనక రెండు చేతులతో బల్ల గట్టిగా పట్టుకుని, కదలకుండా, కళ్ళు మూసుకుని, కళ్ళ నీళ్ళు చెంపల మీదికి కారుతుండగా నవ్వుతోంది. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆయన లెక్కపెట్టలేదు. పక్కన కుర్చీ లాక్కుని, నవ్వు అయ్యేదాకా కూర్చున్నాడు. ఇక పోనీలే వదిలెయ్యి అని ఆమె అన్నది గాని, కళ్ళు తెరిచాక పిల్ల ఎన్నింటికి దిగుతుందని మాత్రం అడిగింది. ఆ ప్రశ్న విన్న తరవాత ఆయన వదిలెయ్యలేకపోయాడు.

శనివారం మళ్ళీ తూర్పు దిక్కు. ఈసారి జైత్రయాత్ర కాదు, ధర్మయుద్ధం. దారిలో హాల్‌స్టైన్ తయారుచేసుకున్న ప్రసంగం ఇది: 'ఓ పురాతన వస్తు విక్రయ విశారదా, ఒకే పదమును ఉభయ దేశములు చెరొక వైపునకు లాగుటచేత నడుమ నలిగిన అమాయకుడను నేను. నీ వాక్కునందు కపటము లేదు, నా శ్రవణమునందు వివేకము లేదు. కావున ఈ గానకళాప్రవీణమగు యంత్రమును పునఃస్వీకరించి నా గౌరవమును నిలుపుము.'

కొట్లోకి వెళ్ళి పెట్టె బల్లమీద పెట్టి, "ఊగుతోంది" అన్నాడు.

గున్‌వోర్ పెట్టె వంకా ఆయన వంకా మార్చి మార్చి చూసింది. "ఊగడానికేగా అది ఉన్నది. నువ్వే అడిగావు సరదాగా ఉంటుందా అ..." అక్కడ ఆవిడకు వెలిగింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో నార్వే. నీకు కదలనిది కావాలా? ఇంత మీసం పెట్టుకుని ఆ మాట మా దగ్గర వాడతావా? మీ దేశంలో ఇంకా బడులున్నాయా, మూసేశారా?"

హాల్‌స్టైన్ బడులున్నాయని ఒప్పుకున్నాడు. తరవాత ఆయన మాట్లాడిన దాన్ని అక్షరం పొల్లుపోకుండా ఇవ్వడం మా విధి, ఎందుకంటే ఆ ఏడాది మొత్తంలో ఆయన ఒక గుక్కలో చెప్పిన వాటిలో ఇదే పెద్దది.

"నా భార్యకి. చెవిలో జబ్బు. ఊగేది చూడలేదు. రేపు మనవరాలు దిగుతోంది. తను చూడాలి."

గున్‌వోర్ నవ్వు ఆపేసింది. కొట్టు వెనక్కి వెళ్ళి, ఒక నల్లటి పాత కెమెరానూ, ఇనపకాళ్ళ స్టాండునూ రెండు చేతులా మోసుకొచ్చి బల్ల మీద దించింది. బల్ల మూలిగింది.

"ఇది మా ఆయన స్టూరెది. ఆయన పోయాక అమ్మకానికి పెట్టాను గాని ఎవరూ తీసుకోలేదు. బరువు. మహా విసుగు పుట్టించే వస్తువు. తలకి తగిలించుకోలేవు, పాట పాడదు, స్టాండు మీద పెట్టావా గాడిదలా అక్కడే నుంచుంటుంది. కానీ దూరపుది దగ్గరికి లాగినా బొమ్మ చెదరదు. దీనితో ఆయన ఒక గుడ్లగూబ గూడుని తీసేవాడు. పదహారు వసంతాలు. పొద్దుటినుంచి కూర్చుంటే ఆ గుడ్లగూబ ఒకసారి తల తిప్పేది. అలా తిప్పిన రోజు ఇంటికొచ్చి నాకు కాఫీ పెట్టిచ్చేవాడు."

ధర అడిగితే ఆవిడ వెండిరంగు కెమెరాను తన వైపుకు లాక్కుని, నల్లదాన్ని ఆయన వైపుకు తోసి, సరికి సరి అంది. ఊరికే పుచ్చుకోవడం చేతగాని ఆ అభిమానధనుడు జేబులు తడిమి, చివరకు కోటు లోపలినుంచి తన మధ్యాహ్నపు పొట్లం తీసి విప్పాడు. గోధుమరంగు మేక జున్ను వేసిన నాలుగు రొట్టె ముక్కలు, మధ్య మధ్య కాగితం పెట్టి సర్దినవి. బొర్గ్‌హిల్ సర్దింది. చెరి రెండు ముక్కలూ నిలబడే తిన్నారు. ఈ జున్ను సబ్బులా ఉంటుందని ఎవరో చెబితే ఇన్నాళ్ళూ నమ్మానని, సబ్బు ఇంతకంటే బాగుంటుందని గున్‌వోర్ తీర్పు చెప్పింది. అయినా రెండో ముక్క కూడా వదల్లేదు.

ఆదివారం. సంగ్రామదినం. ఆకాశం నీలం, మంచు తెలుపు, ఆ రెండింటికీ మధ్య నలభైముగ్గురు బాలయోధులు రంగురంగుల శిరస్త్రాణాలతో, కారుతున్న ముక్కులతో, కొండ నెత్తిన బారులు తీరారు. హాల్‌స్టైన్ తన ఆయుధాన్ని ఒక పిల్లల మంచుబండి మీద కట్టి, తాడుతో ఈడ్చుకుంటూ రణభూమికి వచ్చాడు. బ్యాటరీ మాత్రం చలికి నీరసించకుండా చొక్కా లోపల, ఉన్ని బనియనుకీ ఒంటికీ మధ్య వెచ్చగా ఉంది.

నెత్తిన చిన్న కెమెరా తగిలించుకున్న అస్‌గెయిర్ ఎదురొచ్చాడు. "ఏంటి హాల్‌స్టైన్, ఫిరంగి ఈడ్చుకొచ్చావు? స్వీడన్ మీదికేనా?"

"స్వీడన్ నుంచే."

అస్‌గెయిర్ నవ్వి, ఇంకేదో అనబోయి, స్టాండు కాళ్ళు విప్పడానికి సాయం పట్టాడు. కాళ్ళు మంచులో కూరుకుపోయాయి. అప్పుడు మన వీరుడు ముప్పైఒక్క శీతకాలాల విద్యను బయటికి తీశాడు. స్టాండు పక్కన పెట్టి, బూట్లతో ఆ చోటును చదరంగా, ఓపికగా, అంగుళం అంగుళం తొక్కాడు. తొక్కి ఊరుకున్నాడు. తొక్కిన మంచును కాసేపు దాని మానాన వదిలేస్తే రాయవుతుందని, తొందరపెట్టినవాడికి బురదే మిగులుతుందని ఆయనకు తెలుసు. పావుగంట తరవాత ఆ శిలావేదిక మీద నల్ల కెమెరా ఉక్కుస్తంభంలా నిలిచింది. అస్‌గెయిర్ వేలితో తోసి చూశాడు. కదల్లేదు. మెచ్చుకోలుగా ఈల వేశాడు.

చొక్కాలోంచి బ్యాటరీ తీసి పెట్టగానే యంత్రం కళ్ళు తెరిచింది. తెరచి ఒక ఘోరమైన సంగతి చెప్పింది. లోపలి కార్డు నిండిపోయింది. మిగిలింది యాభైఎనిమిది సెకన్లు.

మిగతాదంతా గుడ్లగూబ.

ఆదివారం గనక దేశంలో కార్డు అమ్మే కొట్టు ఒక్కటీ తెరిచి ఉండదు. 'పాతవి చెరపాలా? అవును, కాదు' అని తెర అడుగుతోంది. హాల్‌స్టైన్ ఒకదాన్ని తెరిచి చూశాడు. చెట్టు తొర్ర. అందులో బూడిదరంగు పక్షి. అది ఏమీ చెయ్యడం లేదు. వెనకనుంచి ఒక మనిషి మెల్లగా శ్వాస తీయడం మాత్రం వినిపిస్తోంది. చాలాసేపు అంతే.

ఓ శ్రోతలారా, సామ్రాజ్యములను కూల్చిన మహావీరుల బొటనవేళ్ళు ఎన్నో ఉండవచ్చు. 'అవును' మీద వాలబోయి వెనక్కి వచ్చిన ఈ బొటనవేలిని కూడా కాస్త తలచుకోండి. ఒకావిడకు కాఫీ పెట్టిచ్చిన మనిషి ఊపిరిని చెరిపి తన ఇంటికి సంతోషం తీసుకెళ్ళడం ఆ వేలికి సాధ్యపడలేదు. 'కాదు' నొక్కాడు. నొక్కి, ముందు దిగుతున్న పిల్లలను చూస్తూ లోలోపల లెక్కించాడు. మొదటి జెండా నుంచి చివరి గీత దాకా నలభై సెకన్లు, అటూఇటూగా. ఉన్నవి యాభైఎనిమిది. చాలు.

ఇరవైఏడో నంబరు ఇదున్‌ది, పసుపుపచ్చ శిరస్త్రాణం. పైన పసుపుపచ్చగా ఏదో మెరిసింది. మీట నొక్కాడు. పసుపు చుక్క పెరిగి పెరిగి పెద్దదై, నాలుగో జెండా దగ్గరికి వచ్చేసరికి దాని కింద ఎవరో పుల్లటి ముఖం పెట్టిన మగపిల్లాడు కనిపించాడు. ఇరవైఆరో నంబరు. ఆపేసరికి పదిహేడు సెకన్లు పోయాయి.

నలభైఒకటి.

ఇక ఆ తరవాత జరిగినది మహాఘోర సమరము. దంతములు బిగియగా, శ్వాస స్తంభింపగా, వీరుడు మొదటి జెండా మీద చూపు నిలిపి ఉండగా, రెండవ పసుపు శిరస్త్రాణము ఆ జెండాను తాకిన క్షణముననే మీట నొక్కి, వెంటనే రెండు చేతులూ వీపు వెనక కట్టుకున్నాడు. ముట్టుకుంటే ఊగుతుంది. తెర మీద ఊపిరి పడితే మసకబారుతుంది. పిల్ల ఎటు పోతే అటు తిప్పాలని ప్రతి నరమూ లాగుతోంది, తిప్పకూడదు. కెమెరా నిలబడాలి, పిల్ల కదలాలి. ఎడమ బూటులో వేలు తిమ్మిరెక్కింది, పట్టించుకోలేదు. ముక్కు కొసన ఒక బొట్టు ఏర్పడి వేలాడింది, దానిని వేలాడనిచ్చాడు. చెవి పక్కనే అస్‌గెయిర్ "పద పద పద" అని అరుస్తున్నాడు. ఆ అరుపుకీ చలించలేదు. ఆయుధాలు ఝళిపించినవారిని పొగిడిన గాథలు వేలున్నాయి. నలభైఒక్క సెకన్లు చేతులు కట్టుకుని ఏమీ చెయ్యకుండా నిలబడిన యోధుణ్ణి పొగడడం మా వంతుకు వచ్చింది.

ఇదున్ తెర పైఅంచున ప్రవేశించింది. మొదటి మలుపు, రెండవ మలుపు. నాలుగో జెండా దగ్గర ఒక చెయ్యి గాలిలోకి లేచింది, మళ్ళీ దిగింది. పెదవులు కదులుతున్నాయి; పాడుకుంటోంది. చివరి జెండా దాటింది. ఇంకా గీత మిగిలి ఉండగానే కెమెరా ఒకసారి 'టిక్' మని నిండిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి బొర్గ్‌హిల్ టీవీ ముందు తన కుర్చీలో కూర్చుంది. ఒక చెయ్యి బల్ల అంచు మీద. ఇదున్ కప్పుతో సహా ఆమె కాళ్ళ దగ్గర చతికిలబడింది. హాల్‌స్టైన్ తీగ తగిలించి, వాళ్ళ వెనక నిలబడ్డాడు. తెర వైపు కాదు, భార్య కళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు.

తెరమీద కొండ కదలకుండా ఉంది. ఆకాశం ఉండవలసిన చోట ఉంది. చెట్లు ఉన్న చోటే ఉన్నాయి. వాటన్నిటి మధ్య ఒక పసుపు చుక్క పైనుంచి బయలుదేరింది.

పన్నెండో సెకను దాటింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఇరవయ్యోది. తెరిచే ఉన్నాయి. ముప్పైలో ఎక్కడో బల్ల అంచు మీది చెయ్యి దానంతట అదే జారి ఒడిలోకి వచ్చింది. నలభైఒకటి. బొమ్మ ఆగిపోయింది.

"తరవాతేమైంది?" బొర్గ్‌హిల్ అడిగింది.

"ఆగాను. రసం తాగాను. నీలం కప్పు ఇచ్చారు, అందరికీ నీలమే," అంది ఇదున్.

"మళ్ళీ వెయ్యి."

మళ్ళీ వేశాడు. ఈసారి ఆమె ముందుకు వంగి, అద్దాలు ముక్కు మీదికి దించుకుని, రెప్ప వెయ్యకుండా చూసింది. చూసి, కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. గోడ తోడు లేకుండా నాలుగడుగులు వేసి, తెర మీద ఒక చోట వేలు పెట్టింది.

"ఇదిగో, ఎడమ మలుపు. లోపలి కాలి మీద వాలావు."

"వాల్లేదు అమ్మమ్మా."

"వాలావు. హాల్‌స్టైన్, కాస్త వెనక్కి తిప్పు. చూశావా, ఈ మోకాలు?"

ఇదున్ ముక్కు తెరకు ఆనేంత దగ్గరికి వచ్చి చాలాసేపు చూసింది. "కుడి మలుపులో వాల్లేదుగా," అంది చివరకు.

"కుడి బాగుంది. బుధవారం రా. ఎడమ సంగతి చూద్దాం."

కావున సమస్త జనులకూ ఇందుమూలముగా చాటించునది యేమనగా: హాల్‌స్టైన్ అను వీరుడు రెండుసార్లు సరిహద్దు దాటి, నాలుగు రొట్టె ముక్కలు, ఒక జత బూటు తాళ్ళు, పదమూడు వందల క్రోనర్లు వ్యయపరచి, తన చేతులను తన వీపు వెనకనే బంధించి చేసిన మహాసంగ్రామమునందు ఊపు అను శత్రువు సమూలముగా పరాజితమైనది. విజేతకు దక్కిన కొల్లసొమ్ము ఒకే ఒక్కటి. మూడేళ్ళ తరవాత ఒక గురువుకు, తన కళ్ళతో తనే చూసి పట్టుకున్న తప్పు ఒకటి దొరికింది.